తూటా మార్చే ముందు తుపాకీని చదవండి

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో సీసపు తూటాలు పోతున్నాయి, ఇకమీదట స్టీలు తూటాలే గతి అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. అందులో మొదటి సగం నిజం. రెండో సగాన్ని నమ్మి వందేళ్ల నాటి జోడు గొట్టాల తుపాకీలో చేతికందిన స్టీలు తూటా పెడితే గొట్టం మూతి దగ్గర ఉబ్బుతుంది. రెండు గొట్టాలను కలిపే పట్టీ (రిబ్) అతుకు విడిపోతుంది. గొట్టం గోడ అరిగి పలచబడి ఉంటే చీలిపోవచ్చు కూడా. తుపాకీ పేల్చే మనిషి ఎడమ చెయ్యి ఉండేది సరిగ్గా ఆ గొట్టాల కిందే. అందుకని ఈ ఉత్తరం కాస్త పొడుగైనా అచ్చు వేయమని మనవి.

ముందు నిషేధం సంగతి. 2025 జూలైలో బ్రిటన్ ప్రభుత్వం ప్రకటించినదాని ప్రకారం షాట్‌గన్ తూటాలో నింపే చిన్న గుండ్లలో సీసం 1 శాతానికి మించకూడదు. వేటకు వాడే పెద్ద రైఫిల్ బుల్లెట్లలో 3 శాతానికి మించకూడదు. మారడానికి మూడేళ్ల గడువు ఇచ్చారు. ఇది ఉన్నట్టుండి వచ్చిపడిందేమీ కాదు. ఇంగ్లండ్‌లో 1999 నుంచే నీటిపక్షుల మీద సీసం వాడకూడదు. అమెరికాలో 1991 నుంచి దేశమంతటా బాతుల వేటకు సీసం నిషిద్ధం. డెన్మార్క్ 1996లోనే సీసపు గుండ్లను పూర్తిగా మాన్పించింది. యూరోపియన్ యూనియన్‌లో 2023 ఫిబ్రవరి నుంచి చిత్తడి నేలల్లో, వాటికి 100 మీటర్ల దూరం లోపల సీసపు గుండ్లు పేల్చరాదు. కాలిఫోర్నియాలో 2019 జూలై 1 నుంచి ఏ అడవి జంతువును, పక్షిని వేటాడినా సీసం లేని తూటాయే వాడాలి.

కారణం సరైనదే. నేల మీద, మడుగు అడుగున రాలిన చిన్న గుండును బాతు ఇసుక పలుకనుకుని మింగుతుంది. అది కందనకాయలో రాళ్లతో పాటు నలిగి, అరిగి, రక్తంలో కలుస్తుంది. బ్రిటన్‌లో ఏటా 50,000 నుంచి లక్ష దాకా నీటిపక్షులు ఇలా చనిపోతున్నాయని అక్కడి చిత్తడి నేలల సంరక్షణ సంస్థ అంచనా. సీసం పోవాల్సిందే. అయితే దాని స్థానంలో ఏం రావాలన్నది తుపాకీని బట్టి తేలాలి.

ఈ విషయం తెలుగువాళ్లకెందుకంటే, ఇంగ్లండ్‌లో స్థిరపడి లైసెన్సు తీసుకుని పాత బర్మింగ్‌హామ్ తుపాకీ కొనుక్కున్నవాళ్లూ, అమెరికాలో పాత డబుల్ బ్యారెల్ మీద ఇష్టం పెంచుకున్నవాళ్లూ మనలో ఉన్నారు. ఇక్కడి జమీందారీ ఇళ్లలోనూ, హైదరాబాద్ పాత కుటుంబాల్లోనూ లైసెన్సు మీద 'డీబీబీఎల్' (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్) అని రాసి ఉన్న తుపాకులు ఇంకా ఉన్నాయి. వాటి మీద కలకత్తా మాంటన్ కంపెనీదో, రోడ్డా కంపెనీదో పేరు చెక్కి ఉన్నా గొట్టాలు చాలావరకు బర్మింగ్‌హామ్‌లో తయారై, గొట్టాల బలం పరీక్షించి ముద్ర వేసే అక్కడి ప్రూఫ్ హౌస్‌లో పరీక్షకు నిలిచినవే. కాబట్టి చదవాల్సిన గుర్తులు ఒకటే.

తుపాకీని కీలు దగ్గర వంచి తెరిచి, రెండు గొట్టాలూ ఖాళీగా ఉన్నాయని కంటితో చూసి, వేలితో తడిమి, గొట్టాలను విడదీసి తిరగేయండి. తూటాలు కూర్చునే చాంబర్ల కింద చదునుగా ఉండే చోట చిన్న చిన్న ముద్రలు వరసగా కనిపిస్తాయి. ఆ తుపాకీ జాతకం అంతా అక్కడే ఉంది. కిరీటం కింద 'ఎన్‌పీ' అనో, కత్తి పట్టిన చేతి కింద 'ఎన్‌పీ' అనో, 'నైట్రో ప్రూఫ్' అని పూర్తి మాటగానో ఉంటే ఆ గొట్టాలు పొగరాని మందుకు పరీక్ష నెగ్గాయన్నమాట. మొదటిది బర్మింగ్‌హామ్‌ది, రెండోది లండన్‌ది. అవేవీ లేకుండా నల్ల తుపాకీమందు ప్రూఫ్ గుర్తులు మాత్రమే ఉంటే అది స్టీలుకే కాదు, మామూలు దుకాణపు తూటా దేనికీ పనికిరాదు. దాన్ని గోడకు తగిలించుకోవచ్చు, లేదా ప్రూఫ్ హౌస్‌కు పంపి మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. డమాస్కస్ గొట్టాల విషయంలో ఇది మరీ ముఖ్యం. ఇనుప, ఉక్కు తీగలను కలిపి మెలిపెట్టి, చుట్టి అతికించిన ఆ గొట్టాల మీద నీటి అలల్లాంటి చారలుంటాయి. కొన్నిటికి ఎవరో నల్లరంగు పట్టించి ఉంటారు, అప్పుడు పైనుంచి చారలు తెలియవు. గొట్టాల కింద ఉండే ఫోరెండ్ చెక్క తీసి, దాని కింద రంగు పట్టని చోట వెలుతురులో చూస్తే దొరికిపోతాయి.

'1⅛ ఔన్స్' అన్న అంకె 1925 నుంచి 1954 మధ్య ప్రూఫ్ అయిన తుపాకుల మీద ఉంటుంది. అది గుండ్ల బరువుకు పైహద్దు, అంటే 32 గ్రాములు. ఆ తర్వాతి తుపాకుల మీద '3 టన్నులు' అన్న గుర్తు కనిపిస్తుంది. ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. 3 టన్నులను 2,240తో గుణిస్తే చదరపు అంగుళానికి 6,720 పౌండ్లు వస్తుంది. అమెరికా తూటాల ప్రమాణం 11,500 పౌండ్లు కదా అని రెండిటినీ పక్కపక్కన పెట్టి పోల్చేస్తారు. మొదటిది చిన్న లోహపు దిమ్మ ఎంత నలిగిందో చూసి కట్టిన లెక్క, రెండోది ఎలక్ట్రానిక్ మీటరు చెప్పే లెక్క. నలుగుడు లెక్క అసలు ఒత్తిడి కంటే తక్కువ చూపిస్తుంది. అందుకని ఒకదాన్ని ఇంకొకదానిలోకి మార్చే ప్రయత్నం చేయొద్దు. గుర్తుంచుకోవాల్సింది ఇంతే: 12 బోర్‌లో (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) '3 టన్నులు' లేదా '850' ముద్ర ఉన్న తుపాకీకి 650 బార్ లోపు తూటా (బార్ ఒత్తిడికి కొలత). '930 బార్' ముద్ర ఉంటే 740 బార్ దాకా. '1,370 బార్' ముద్రతో పాటు కలువ పువ్వు లాంటి గుర్తు ఉంటేనే ఎక్కువ శక్తి గల స్టీలు. ఆ పువ్వు పాత తుపాకీ మీద కనిపించదు. కనిపించిందంటే ఆ గొట్టాలు ఈమధ్య మళ్లీ ప్రూఫ్ అయి ఉండాలి, ఆ కాగితాలు అడిగి చూడండి.

తర్వాత చాంబర్ పొడవు. రెండు ప్రపంచ యుద్ధాలకు ముందు తయారైన ఇంగ్లిష్ 12 బోర్‌లలో ఎక్కువ భాగం 2½ అంగుళాలవే, అంటే 65 మి.మీ. ఇప్పుడు దుకాణంలో దొరికేవి ఎక్కువగా 70 మి.మీ. తూటాలు. డబ్బా మీద రాసిన పొడవు పేలిన తర్వాత మూతి విచ్చుకున్న పొడవు. పేలక ముందు, మూతి నక్షత్రంలా మడిచి ఉన్నప్పుడు 70 మి.మీ. తూటా 60 మి.మీ. లోపే ఉంటుంది. కాబట్టి 65 మి.మీ. చాంబర్‌లో అది ఏ అడ్డూ లేకుండా జారిపోతుంది, తుపాకీ హాయిగా మూసుకుంటుంది. 'పట్టింది కదా' అని పేలుస్తారు. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోడానికి చోటుండదు. చాంబర్ చివర సన్నబడే భాగంలోకి అది పొడుచుకుపోయి దారిని ఇరుకు చేస్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. సీసం మెత్తన కాబట్టి ఆ ఇరుకులోంచి నలిగి దూరిపోతుంది. స్టీలు నలగదు. ఇంగ్లిష్ కంపెనీలు 67 మి.మీ. డొక్కుతో (తూటా పైతొడుగుతో) చేసి, '2½ అంగుళాల చాంబర్లకు సరిపోతుంది' అని డబ్బా మీదే రాసే తూటాలు వేరు. వాటిని ఆ లెక్క చూసుకునే చేస్తారు. ఆ మాట డబ్బా మీద ఉంటేనే నమ్మాలి.

చాంబర్ కొలిచే గేజి ఖరీదైనదేమీ కాదు. 12 బోర్ చాంబర్ చివర వ్యాసం సుమారు 20.3 మి.మీ. ఆ మందంతో చేసిన గేజిని లోపలికి పోనిస్తే చాంబర్ ముగిసే చోట ఆగిపోతుంది, దాని మీది గీత పొడవు చెబుతుంది. రెండు గొట్టాలకూ విడివిడిగా కొలవాలి. అమెరికా పాత తుపాకులకు ప్రూఫ్ ముద్రలే ఉండవు, అక్కడ ప్రభుత్వ ప్రూఫ్ హౌస్ లేదు. పార్కర్ లాంటి కంపెనీలు 2¾ అంగుళాల తూటాకని 2⅝ అంగుళాల చాంబర్ తవ్విన రోజులున్నాయి. పాత 16 బోర్ తుపాకుల్లో 2 9/16 అంగుళాలవి మామూలే. అక్కడ గేజి తప్ప వేరే సాక్ష్యం లేదు.

గోడ మందం మాత్రం ఇంట్లో కొలిచే పని కాదు. ఇంగ్లండ్‌లో గన్‌స్మిత్ దగ్గర నిలువు గేజి ఉంటుంది. ప్రతి గొట్టాన్నీ చుట్టూ తిప్పుతూ పొడవునా కొలిచి, ఎక్కడ అన్నిటికంటే పలచగా ఉందో చెప్పమనండి. ఒక అంగుళంలో వెయ్యి భాగాలకు 20 భాగాలు, అంటే అర మిల్లీమీటరు, అక్కడివాళ్లు గీసుకున్న అడుగు గీత. 25 పైన ఉంటే నిశ్చింత. పలచదనం మూతి దగ్గర ఉందా, చాంబర్ ముందు 9 అంగుళాల దగ్గర ఉందా అన్నది ఇంకా పెద్ద ప్రశ్న. ఒత్తిడి ఎక్కువగా ఉండే వెనక భాగంలో అరిగిన గొట్టం మొహమాటం లేకుండా పక్కన పెట్టాల్సిందే. లోపలి వ్యాసం కూడా అక్కడే తీయించండి. తుప్పు గుంటలు పోగొట్టడానికి లోపల సానబట్టిన కొద్దీ వ్యాసం పెరుగుతుంది. మిల్లీమీటర్లలో ముద్ర ఉన్న తుపాకీలో ఆ అంకె కంటే 0.2 మి.మీ. పెరిగితే దాని ప్రూఫ్ చెల్లదు.

ఇంట్లో చేసుకోగలిగిన పరీక్షలు రెండున్నాయి. విడదీసిన గొట్టాల జతను కింద కొక్కెంలా పొడుచుకొచ్చే లంప్ దగ్గర దారం కట్టి వేలాడదీసి, చెక్క పిడితో మెల్లగా తట్టండి. గుడి గంటలా సాగే మోత వస్తే రిబ్ అతుకు బాగుంది. పగిలిన కుండను తట్టినట్టు బొంగురుగా, జర్రుమని వస్తే ఎక్కడో టంకం వదిలింది. రెండోది, గొట్టాన్ని కిటికీ వైపు పెట్టి లోపలికి చూస్తూ మెల్లగా తిప్పండి. కిటికీ అంచు నీడ లోపలి గోడ మీద తిన్నని గీతలా పరుచుకుంటుంది. ఆ గీత ఎక్కడైనా వంకర పోయినా, నల్లని ఉంగరంలా మెలి తిరిగినా అక్కడ ఉబ్బు ఉంది. బయట అదే చోట బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టి జారిస్తే చేతికి తెలుస్తుంది.

స్టీలు చేసే హాని ఎక్కడ పుడుతుందో చెప్పకపోతే ఈ జాగ్రత్తలన్నీ చాదస్తంలా కనిపిస్తాయి. 28 గ్రాముల సీసపు గుండ్ల లోహం దాదాపు 2.5 ఘన సెంటీమీటర్లు. అదే బరువు బిస్మత్ 2.9. స్టీలు 3.6. తేలిక లోహం కాబట్టి డొక్కులో ఎక్కువ చోటు తింటుంది. పైగా గట్టి లోహం కాబట్టి చోక్‌లో, అంటే మూతి దగ్గర గొట్టం సన్నబడే చోట, గుండ్లు ఒకదాన్నొకటి నొక్కుకుని సర్దుకోవు. సీసపు గుండ్ల గుత్తి పిండి ముద్దలా సన్నబడి జారిపోతే స్టీలు గుత్తి గులకరాళ్ల సంచిలా తన్నుకుంటుంది. పాత తుపాకుల్లో ఎడమ గొట్టం తరచుగా ముప్పాతిక చోకో, ఫుల్ చోకో ఉంటుంది. ఫుల్ చోక్ అంటే అంగుళంలో వెయ్యి భాగాలకు 40 భాగాల ఇరుకు, సగం చోక్ 20, పావు 10. పలచని పాత ఉక్కు ఆ ఒత్తిడికి కొద్ది కొద్దిగా సాగి చోక్ దగ్గర ఉంగరంలా లేస్తుంది. ఆ లేపుకు మెత్తని టంకంతో అతికిన రిబ్ పక్కకు జరుగుతుంది. మొదటి తూటాకే జరగాలని లేదు, ఇరవయ్యో తూటాకు కూడా జరగవచ్చు. ఐదారు పేల్చి చూశాం, ఏమీ కాలేదు అనే మాటకు అందుకే విలువ లేదు.

కాబట్టి స్టీలు అసలే వద్దా అంటే, అలా అనడం లేదు. నైట్రో ప్రూఫ్ చెల్లుబాటులో ఉండి, గోడలు మందంగా ఉండి, చోక్ సగానికి మించకుండా ఉంటే మామూలు స్టీలు తూటా వాడుకోవచ్చు. చాంబర్ 65 మి.మీ. అయితే ఆ చాంబర్లకని చేసిన స్టీలు తూటాలు ఉన్నాయి, 24 నుంచి 28 గ్రాముల్లో అవే తీసుకోవాలి. ఎక్కువ శక్తిది అని రాసి ఉన్నదాన్ని ముట్టుకోకూడదు. మందుకూ గుండ్లకూ మధ్య పెట్టే అడ్డును వాడ్ అంటారు. స్టీలు గుండ్ల చుట్టూ మందపాటి కప్పు లాంటి వాడ్ తప్పనిసరి. ఉత్త ఫైబర్ వాడ్ మీద స్టీలు పెడితే గుండ్లు గొట్టం లోపల నిలువు గీతలు గీస్తాయి. ప్లాస్టిక్ కప్పుకు బదులు మట్టిలో కలిసిపోయే కప్పులు ఇప్పుడు వస్తున్నాయి. వాటిలో నీటికి కరిగే రకాన్ని తేమ తగలకుండా దాచాలి, మెత్తబడిన కప్పు గొట్టాన్ని కాపాడదు. నా మటుకు నేను 1939కి ముందు తయారైన మంచి తుపాకీలో స్టీలు వాడమని ఎవరికీ చెప్పను. దాని గొట్టాలు ఒకసారి ఉబ్బితే పూర్వరూపానికి తేవడం దాదాపు అసాధ్యం.

అలాంటి తుపాకీకి తగినది బిస్మత్. గుండ్లలో సుమారు 97 శాతం బిస్మత్, 3 శాతం తగరం ఉంటాయి. తగరం ఎందుకంటే ఒట్టి బిస్మత్ ముదిరిన బెల్లం పాకంలా పెళుసు, కొట్టుకుంటే విరిగిపోతుంది. మిశ్రమం సాంద్రత ఘన సెంటీమీటరుకు 9.6 గ్రాముల ప్రాంతంలో ఉంటుంది. సీసం 11.3, స్టీలు 7.8. మెత్తన కాబట్టి చోక్‌తో తగాదా లేదు, ఫైబర్ వాడ్‌తోనూ వస్తుంది. దీని లోపం ఖరీదు, స్టీలు కంటే మూడు నాలుగు రెట్లు. ఈ లోహం ఎక్కువగా సీసం శుద్ధి చేసేటప్పుడు ఉపఉత్పత్తిగా వస్తుంది, సింహభాగం చైనాది. 2025 ఫిబ్రవరిలో చైనా దాని ఎగుమతి మీద అదుపు పెట్టడంతో ధర ఇంకా ఎగబాకింది. అయినా ఏడాదికి వంద తూటాలు పేల్చే మనిషికి ఆ తేడా పాత గొట్టాల జత ఖరీదు ముందు లెక్కలోకి రాదు.

టంగ్‌స్టన్ అన్న మాట చూసి మాత్రం మోసపోవద్దు. అదే పేరుతో పూర్తిగా వేరైన రెండు సరుకులు అమ్ముతున్నారు. టంగ్‌స్టన్ పొడిని మెత్తని ప్లాస్టిక్‌తో కలిపి చేసిన టంగ్‌స్టన్ మ్యాట్రిక్స్ సాంద్రతలో దాదాపు సీసం అంత, మెత్తదనంలోనూ అంతే. పాత తుపాకీకి నిక్షేపంలా పనికొస్తుంది. ఇక 18 సాంద్రత ఉండే టీఎస్ఎస్ (టంగ్‌స్టన్ సూపర్ షాట్) రకం, టంగ్‌స్టన్‌కు ఇనుము, నికెల్ కలిపిన గట్టి రకాలు స్టీలు కంటే కఠినం. వాటిని కొత్త తుపాకుల కోసం, మందపాటి వాడ్‌లతో చేశారు. డబ్బా మీద 'పాత తుపాకులకు, ఏ చోక్‌కైనా' అన్న మాట ఉందా లేదా అన్నదే చూడాలి.

గుండు సైజు దగ్గర మనవాళ్లు ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. మన దేశంలో ఎల్‌జీ, ఎస్‌జీ, బీబీ, 4 నంబరు, 6 నంబరు అన్నవి బ్రిటిష్ వరస. అమెరికా వరస వేరు. బ్రిటిష్ 6 నంబరు గుండు 2.6 మి.మీ., అమెరికా 6 నంబరు 2.8 మి.మీ. ఆ అమెరికా ఆరు బ్రిటిష్ ఐదుతో సమానం. అందుకని నంబరు కాదు, మిల్లీమీటర్లు చూసి కొనండి. 2.6 మి.మీ. సీసపు గుండు బరువు 0.10 గ్రాము. అదే బరువు రావాలంటే బిస్మత్ గుండు 2.75 మి.మీ., స్టీలు గుండు 2.94 మి.మీ. ఉండాలి. సీసంలో 6 వాడేవాళ్లు బిస్మత్‌లో 5కి, స్టీలులో 4కి వెళ్లాలన్న వాడుక మాట ఈ లెక్కలోంచి వచ్చిందే.

బరువు విషయంలో 'ఎంత ఎక్కువైతే అంత మంచిది' అన్న ఆశ పనికిరాదు. తుపాకీ బరువు గుండ్ల బరువుకు 96 రెట్లు ఉండాలన్నది తుపాకుల తయారీదారు గ్రీనర్ నాటి సూత్రం. 6 పౌండ్ల తుపాకీకి 1 ఔన్స్, అంటే 28 గ్రాములు. పాత ఇంగ్లిష్ తుపాకులు చాలావరకు ఆరు, ఆరున్నర పౌండ్లవే. 36 గ్రాముల తూటా పేలితే గొట్టం నిలబడవచ్చు గానీ వెనక్కి తన్నే దెబ్బకు నూనె తాగి మెత్తబడిన చెక్క పిడి దగ్గర పగులుతుంది, తాళం వదులవుతుంది. ఒత్తిడి తక్కువ అని రాసి ఉన్నంత మాత్రాన తన్ను తక్కువ అనుకోకూడదు. తన్ను గుండ్ల బరువునూ వేగాన్నీ బట్టి వస్తుంది, లోపలి ఒత్తిడిని బట్టి కాదు.

ఎంచుకున్నాక కాగితం మీద పేల్చి చూడాలి. నాలుగడుగుల చదరం కాగితం 40 గజాల దూరంలో కట్టి, పేల్చాక గుండ్లు దట్టంగా పడ్డ చోటు మధ్యగా 30 అంగుళాల వృత్తం గీసి, లోపలి చిల్లులు లెక్కపెట్టండి. 2.8 మి.మీ. బిస్మత్ 28 గ్రాముల్లో సుమారు 254 గుండ్లుంటాయి. సగం చోక్‌కు 60 శాతం, అంటే 150 దాకా లోపల పడాలి. బాగా తగ్గి, కాగితం మీద ముక్కల్లాంటి సన్న చిల్లులు కనిపిస్తే గుండ్లు లోపల విరుగుతున్నాయి. వేగం తక్కువ తూటాకో, ఇంకొక కంపెనీ తూటాకో మారండి. ఒక్క కాగితంతో తీర్పు చెప్పొద్దు, ఒక్కో గొట్టానికి ఐదేసి పేల్చండి.

పేల్చేటప్పుడు శబ్దం ఏ మాత్రం నీరసంగా వచ్చినా వెంటనే తుపాకీ విరిచి గొట్టంలోంచి వెలుతురు చూడండి. చలిలో తక్కువ ఒత్తిడి తూటాల వాడ్ ఒక్కోసారి మధ్యలోనే ఆగిపోతుంది. దాని వెనక ఇంకో తూటా పేలితే ఏ ప్రూఫ్ ముద్రా కాపాడలేదు. 12 బోర్, 20 బోర్ తూటాలు ఒకే సంచిలో ఉండకూడదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. 20 బోర్‌ది 12 చాంబర్‌లోంచి ముందుకు జారి గొట్టంలో ఇరుక్కుంటుంది.

చేతిలో ఉన్న తూటా దేనిదో అనుమానం వస్తే అయస్కాంతం తీసుకోండి. అడుగున మెరిసే టోపీ చాలా వాటిలో ఇత్తడి పూసిన ఇనుమే, అక్కడ అంటుకుంటే అర్థం లేదు. గుండ్లు ఉండే మూతి వైపు ఆనించండి. లాగితే లోపల స్టీలు గానీ ఇనుము కలిసిన టంగ్‌స్టన్ గానీ ఉంది, పాత తుపాకీకి వద్దు. లాగకపోతే సీసమో, బిస్మత్తో, టంగ్‌స్టనో తేల్చుకోవాలి. మూతి మడత విప్పి రెండు గుండ్లు బయటికి తీసి, ఇనుప దిమ్మ మీద పెట్టి సుత్తితో కొట్టండి. సీసం బిళ్లలా పరుచుకుంటుంది. బిస్మత్ చిట్లి ముక్కలవుతుంది. విప్పిన తూటాను మళ్లీ తుపాకీలో పెట్టొద్దు.

అమెరికాలో సొంతంగా తూటాలు నింపుకునేవాళ్లకు ఒక్క మాట. సీసానికి రాసిన కొలతల్లో గుండ్లు మాత్రం మార్చి స్టీలు పోస్తే అది తూటా కాదు, బాంబు. స్టీలుకు మెల్లగా మండే మందు, వేరే వాడ్, వేరే లెక్క. బిస్మత్ గుండ్లను కూడా సీసానికి గుర్తు పెట్టిన కొలగిన్నెతో పోస్తే బరువు తక్కువ పడుతుంది. తూకం వేసి, బిస్మత్‌కే ప్రచురించిన కొలతల ప్రకారం నింపండి. ఇంకొకటి, అక్కడ బాతుల వేటకు వెళ్లినప్పుడు సీసపు తూటా పేల్చకపోయినా సరే, దగ్గర ఉంటేనే నేరం. కిందటి సీజన్‌లో గురి సాధనకు ఎగరేసే మట్టి పళ్లేల మీద పేల్చగా మిగిలిన తూటాలు కోటు జేబు మూలల్లో మిగిలిపోతాయి, బయల్దేరే ముందు జేబులు తిరగేసి దులపండి.

మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇప్పుడు బాతుల వేట ప్రశ్నే లేదు. అయినా పొలాల కోసం, ఆత్మరక్షణ కోసం లైసెన్సు ఉన్న పాత డీబీబీఎల్‌లలో 65 మి.మీ. చాంబర్లవి ఉన్నాయి. వాటిలో 70 మి.మీ. తూటాలు పెట్టేవాళ్లకు పైన చాంబర్ గురించి రాసిందంతా సీసానికీ వర్తిస్తుంది. రెన్యువల్‌కు తుపాకీ తీసుకెళ్లే రోజున దారిలో లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో చాంబర్ కొలిపించి, ఆ అంకెను లైసెన్సు కాపీ మీద పెన్సిల్‌తో రాసిపెట్టుకోండి.

ఇకముందు ఈ నిషేధం గురించి వార్త రాసేటప్పుడు 'స్టీలు తూటాలు' అని కాకుండా 'సీసం లేని తూటాలు' అని రాయమని, వీలైతే పక్కన చిన్న గడి కట్టి చాంబర్ పొడవు, ప్రూఫ్ ముద్ర, చోక్ అన్న మూడు మాటలు వేయమని మీ విలేఖరులకు నా విన్నపం.

ఇట్లు,
పాత తుపాకుల పని తెలిసిన ఒక పాఠకుడు